జబ్బు ఆమెది, మాట మరొకరిదా?

హైదరాబాదు నగరంలో నీలోఫర్ ఆసుపత్రి పేరు వినని వారుండరు. పసిబిడ్డకు జ్వరం ముదిరినదంటే జిల్లాల నుంచి సైతం తల్లులు బిడ్డను భుజాన వేసుకొని అక్కడికి పరుగున వస్తారు. కాని ఆ ఆసుపత్రి పుట్టుక వెనుక ఒక పరిచారిక మరణం ఉన్నదన్న సంగతి మన విద్యార్థులలో ఎందరికి తెలియునో మేము చెప్పలేము. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రెండవ కుమారుడు మొఅజ్జం జా. ఆయన భార్య నీలోఫర్, టర్కీ సుల్తానుల వంశంలో పుట్టి 1931లో వివాహమై ఈ నగరానికి కోడలుగా వచ్చిన రాకుమారి. ఆమె వద్ద పనిచేసిన రఫతున్నిసా అనే పరిచారిక 1949లో ప్రసవ సమయాన కన్నుమూసినది. మరొక రఫతున్నిసా ఇట్లు మరణించరాదని నీలోఫర్ పట్టుబట్టగా, 1953 నాటికి స్త్రీలకు, శిశువులకు ఆ ఆసుపత్రి వెలసినది.

ఈ వృత్తాంతంలో మమ్ములను ఆకర్షించినది రాజవంశపు వైభవం కాదు. ఇంట పనిచేసే స్త్రీ కాన్పులో పోతే, అంతా తఖ్దీర్ అని నాలుగు కన్నీటి బొట్లు రాల్చి మరచిపోవటం లోకరీతి. నీలోఫర్ మరచిపోలేదు. ఈ చావు ఎందుకు వచ్చినదని అడిగినది. ఒక స్త్రీ బాధను విధివ్రాతగా కాక, కారణమూ నివారణమూ గల విషయంగా చూసినది. స్త్రీల ఆరోగ్య విషయంలో జరిగే వివక్షను తొలగించటానికి మొదటి మెట్టు ఆ ప్రశ్నయే. నేడు ఆసుపత్రులకు కొదవ లేదు. అయినా ఇంటి గడపకూ ఆసుపత్రి గడపకూ మధ్య స్త్రీ ఒంటరిగా దాటలేని దూరమొకటి ఉన్నది. తన బాధను తాను చెప్పుకొనుటకు, తన చీటీని తాను తెలుసుకొనుటకు, తన శరీరంపై జరిగే చికిత్సకు తాను సమ్మతి తెలుపుటకు ఆమెకు వీలు లేకపోవటమే ఆ దూరమని మా అభిప్రాయం.

తెలుగు పాఠాలు చెప్పుకొనే వారము, అందునా పురుషులము, ఈ విషయమై వ్రాయటం కొందరికి వింతగా తోచవచ్చును. వైద్యుల పని వైద్యులకే వదలివేయరాదా అని ప్రశ్నించవచ్చును. మేము చెప్పబోయేది మందుల సంగతి కాదు, మాటల సంగతి. అది మా పరిధిలోనిదే. ఇక పురుషులు మాట్లాడనందువల్లనే ఈ స్థితి దాపురించినదని మేము నమ్ముతున్నాము గనుక ఆ రెండవ ఆక్షేపణకు ఈ వ్యాసమే సమాధానం.

మొదట మంచిని చెప్పటం న్యాయం. కాన్పుల వలన సంభవించే మరణాలు మన దేశంలో గణనీయంగా తగ్గినవి. 2004-06 సంవత్సరాలలో లక్ష సజీవ జననాలకు 254 మంది తల్లులు మరణించగా, 2018-20 నాటికి ఆ సంఖ్య 97కు దిగినది. అదే కాలంలో తెలంగాణలో అది 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. గ్రామ గ్రామాన తిరిగే ఆశా కార్యకర్తల కాలినడక, 108 వాహనాల పరుగు, ప్రభుత్వ వైద్యశాలలలోని నర్సుల శ్రమ ఈ అంకెలలో దాగి ఉన్నవి. ఈ మేలును మరచి నిందించటం కృతఘ్నత.

అయితే చావు తగ్గినంత వేగంగా బాధ తగ్గలేదు. 2019-21 సంవత్సరాలలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏండ్ల మధ్య వయసుగల భారత స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనతతో ఉన్నారు. అదే వయసు పురుషులలో నూటికి 25 మంది. తెలంగాణలో స్త్రీల వంతు 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. అంతకు ముందు, 2015-16లో జరిగిన సర్వేలో దేశం మొత్తానికి ఈ అంకె 53 శాతం. అనగా తగ్గవలసినది పెరిగినది. మన తరగతి గదిలో ముందు వరుసలలో కూర్చున్న పదిమంది ఆడపిల్లలలో ఐదారుగురికి శరీరంలో చాలినంత రక్తబలం లేదని ఈ లెక్క భావం. మధ్యాహ్నం పాఠం వింటూ తల వాల్చిన పిల్లను చూచి మేము ఎన్నిమార్లు సోమరి అని మందలించినామో తలచుకొంటే నేడు సిగ్గు కలుగుతున్నది.

ఈ తేడా ఎక్కడ పుట్టినది? ఒక పాలు ప్రకృతి నియమం. నెలనెలా రక్తం పోతుంది గనుక స్త్రీకి ఇనుము అధికంగా కావాలి. అధికంగా కావలసిన వారికి తక్కువగా పెట్టటం మాత్రం ప్రకృతి నియమం కాదు, అది మన వంటింటి నియమం. ముందు పురుషులు, పిదప పిల్లలు, చివర స్త్రీలు అన్న వరుస మనలో ఎంత సహజమైపోయినదంటే, దానిని అన్యాయమని ఎవరూ తలచరు. పండుగనాడు దస్తర్ఖాన్‌పై కలేజా ముక్క ఎవరి పళ్ళెంలోకి పోతుందో మనకు తెలియనిది కాదు. రక్తం పట్టటానికి అన్నిటికన్న మేలైన ఆహారాలలో అదొకటి. అది అక్కర ఉన్నవారికి గిన్నె అడుగున మిగిలే పులుసే దక్కుతుంది. మేము ఇతరులను వేలెత్తి చూపటం లేదు. మా చిన్ననాట మా అమ్మీ అందరికీ వడ్డించటం మా కన్నులకు కట్టినట్లు గుర్తున్నది. ఆమె కూర్చుండి భోజనం చేయటం ఎంత జ్ఞాపకం చేసుకొన్నా గుర్తుకు రావటం లేదు.

దీనికి తోడు తెలియనితనం కొంత. భోజనం ముగియగానే చాయ్ త్రాగటం మన అలవాటు. ఆ చాయ్ ఆహారంలోని ఇనుమును దేహానికి పట్టనీయదు. గంట సేపు ఆగి త్రాగితే నష్టం తక్కువ. ఆకుకూరపై నిమ్మరసం పిండుకొంటే ఇనుము బాగుగా పడుతుంది. ప్రభుత్వం ఇచ్చే ఇనుప మాత్రలు మ్రింగితే మలం నల్లబడుతుంది, కొందరికి కడుపులో త్రిప్పుతుంది. ఇది ముందుగా చెప్పేవారు లేక, ఏదో కీడు జరిగినదని భయపడి మాత్రలను అటకపై పడవేసిన గృహిణులు ఎందరో. గర్భిణికి 180 దినాలు, ప్రసవానంతరం మరి 180 దినాలు ఈ మాత్రలు ఇవ్వాలన్నది ప్రభుత్వ నియమం. మాత్ర ఇంటికి చేరినది, మాట చేరలేదు. మాట చేరని చోట మందు పని చేయదు.

రెండవ విషయం జాప్యం. మన ఇండ్లలో పురుషునికి నొప్పి వస్తే అది జబ్బు. స్త్రీకి నొప్పి వస్తే, ఆమె పొయ్యి వద్ద నిలువలేని రోజున మాత్రమే అది జబ్బు. అంతవరకు అది నీరసం, వేడి, గ్యాసు, లేదా వట్టి అనుమానం. గుండెపోటు సంగతి చూడండి. ఛాతీని పట్టుకొని కూలిపోయే మనిషి బొమ్మ మన మనసులలో నాటుకొని ఉన్నది. స్త్రీలలోను ఛాతీ నొప్పే ముఖ్య లక్షణమైనప్పటికీ, దవడలో, వెన్నులో, మెడలో నొప్పి, ఊపిరి అందకపోవటం, వాంతి వచ్చినట్లుండటం, కారణం లేని తీవ్రమైన అలసట వారిలో తరచుగా కనిపిస్తాయి. సోడా త్రాగించి పడుకోబెట్టిన గంటలే అమూల్యమైన గంటలు.

ఈ విషయంలో ఇంటివారిని మాత్రమే నిందించటం తగదు. శాస్త్రం కూడ చాలా కాలం స్త్రీ మాట వినలేదు. ఔషధ పరిశోధనకు పెట్టనికోటగా పేరొందిన అమెరికాలో, 1977లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ బిడ్డలను కనే వయసులోని స్త్రీలను తొలిదశ మందుల పరీక్షలలో చేర్చరాదని సూచించినది. గర్భస్థ శిశువుకు హాని కలుగరాదన్న ఉద్దేశం మంచిదే కావచ్చును. ఫలితమేమనగా, పురుషుల దేహాలపై పరీక్షించిన మోతాదులనే స్త్రీలకు ఇచ్చినారు. 1993లో ఆ సూచనను ఉపసంహరించి, ప్రభుత్వ ధనంతో జరిగే పరిశోధనలలో స్త్రీలను చేర్చాలని అక్కడ చట్టం చేసినారు. అయినప్పటికీ జోల్పిడెం అనే నిద్రమాత్ర స్త్రీల దేహంలో ఎక్కువసేపు నిలుస్తుందని గుర్తించి, వారి మోతాదును సగానికి తగ్గించినది 2013లో. అప్పటికి ఆ మందు ఆ దేశపు విపణిలోకి వచ్చి ఇరవై ఏండ్లు దాటినది. అడుగనిదే తెలియదు, వినని చోట అడిగి ప్రయోజనం లేదు.

ముందుగా కనుగొంటే నయం కాగల వ్యాధులను కనుగొనే ప్రయత్నమే లేకపోవటం మరింత విచారకరం. గర్భాశయ ముఖద్వారానికి వచ్చే కాన్సరు నెమ్మదిగా ముదిరే వ్యాధి. ఆరంభదశలో పట్టుకొంటే ప్రాణం నిలుస్తుంది. అయినను పైన చెప్పిన సర్వే ప్రకారం దేశంలో 30-49 ఏండ్ల స్త్రీలలో ఈ పరీక్ష ఒక్కమారైనా చేయించుకొన్నవారు నూటికి ఇద్దరు కూడ లేరు. రొమ్ము పరీక్ష చేయించుకొన్నవారు నూటికి ఒక్కరు కూడ లేరు. సిగ్గు అనే తెర వెనుక జబ్బు ముదురుతున్నది.

ఇంతవరకు వైద్యం అందకపోవటాన్ని గురించి చెప్పినాము. అక్కరలేని వైద్యం అందటం ఇంకొక అన్యాయం. మన రెండు రాష్ట్రాలలో దీనిని గురించి విశేషంగా ఆలోచించవలసి ఉన్నది. ఆ సర్వేలోనే తెలంగాణలో జరిగిన ప్రసవాలలో 60.7 శాతం సిజేరియన్ శస్త్రచికిత్సలని తేలినది. ప్రైవేటు ఆసుపత్రులలో అది 81.5 శాతం. దేశపు సగటు 21.5 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో సూచించిన పరిమితి 10 నుంచి 15 శాతం. శస్త్రచికిత్స అవసరమైన చోట అది తల్లీబిడ్డల ప్రాణదాత అనటంలో సందేహం లేదు. కాని ఒక రాష్ట్రంలోని పదిమంది తల్లులలో ఆరుగురికి కోత తప్పనిసరి అయినదంటే నమ్మటం కష్టం.

గర్భసంచి తొలగింపు సంగతి అంతకన్న బాధాకరం. 15-49 ఏండ్ల మధ్య వయసుగల స్త్రీలలో గర్భసంచిని తీయించుకొన్నవారు దేశంలో నూటికి ముగ్గురు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో ఎనిమిదిమంది. బిడ్డలు పుట్టిన పిదప ఆ సంచితో పని ఏమున్నదన్న మాట మన పల్లెలలో సామెత వలె వాడుకలో ఉన్నది. తెల్లబట్ట అయినా, రక్తస్రావం అయినా, నడుమునొప్పి అయినా ఒకే భయం చూపుతారు: వదలివేస్తే కాన్సరు అవుతుంది. గర్భసంచితో పాటు అండాశయాలను కూడ చిన్న వయసులో తీసివేస్తే ఎముకలు బోలుబారుతాయని, గుండెజబ్బుల బెడద పెరుగుతుందని ఆమెకు చెప్పేవారు అరుదు. కూలికి పోయే ముప్పై ఐదేండ్ల స్త్రీ బరువెత్తలేక, వంగలేక, అకాల వార్ధక్యాన్ని మోయవలసి వస్తుంది. కుటుంబ నియంత్రణ భారం కూడ ఆమె తలపైననే. దేశంలోని వివాహిత స్త్రీలలో 37.9 శాతం శస్త్రచికిత్స చేయించుకోగా, భర్త చేయించుకొన్నవారు 0.3 శాతం మాత్రమే. పురుషునికి చేసే ఆ శస్త్రచికిత్స ఎంతో సులభమైనది, అపాయం తక్కువైనది అని వైద్యులందరూ ఎరుగుదురు.

ఇక్కడ మేమెరిగిన ఒక ఉదంతాన్ని చెప్పటం అవసరం. డిగ్రీ చదివే మా విద్యార్థిని ఒకరు ఒక సాయంకాలం పుస్తకంలో మడచిన కాగితంతో మా వద్దకు వచ్చినది. "సార్, ఇందులో ఏమున్నదో కొంచెం చెప్పండి. రేపు అమ్మీకి ఆపరేషన్" అని అడిగినది. కాగితం ఆంగ్లంలో ఉన్నది. అది ఒక ప్రైవేటు వైద్యశాల వారి సమ్మతి పత్రం. గర్భసంచిని, అవసరమైనచో అండాశయాలను తొలగించుటకు అంగీకరిస్తున్నామని అందులో అచ్చువేసి ఉన్నది. క్రింద ఆమె తండ్రి సంతకం ఉన్నది. తల్లి సంతకం చేయవలసిన చోటు ఖాళీగా ఉన్నది.

మేము వైద్యులము కాము గనుక ఒక్క ప్రశ్న మాత్రమే అడిగినాము: "మీ అమ్మీకి ఏమి తీసివేస్తారో తెలుసునా?" అమ్మాయి కొంతసేపు మౌనంగా ఉండి, "కడుపులో గడ్డ అన్నారట. డాక్టరు అబ్బాతోనే మాట్లాడినారు. అమ్మీ బయట బెంచీ మీద కూర్చున్నది" అన్నది. ఆ రాత్రి ఆ పిల్ల నిఘంటువు ముందు పెట్టుకొని ఆ కాగితాన్ని వాక్యం వాక్యం ఉర్దూలోకి మార్చి తల్లికి చదివి వినిపించినది. విన్న తల్లి, "నాకు నెలనెలా రక్తం ఎక్కువగా పోతున్నదని చెప్పమన్నాను గాని, ఇదంతా తీసేయమని నేనెప్పుడు చెప్పినాను?" అన్నదట. శస్త్రచికిత్స వాయిదా పడినది. వారు ప్రభుత్వ ప్రసూతి వైద్యశాలకు పోయి మరొక వైద్యురాలికి చూపుకొన్నారు. రక్తపరీక్షలో థైరాయిడ్ గ్రంథి మందగించినదని తేలినది. అధిక రక్తస్రావానికి అది ఒక కారణం కాగలదట. మాత్రలతో కొన్ని నెలలకు స్రావం అదుపులోకి వచ్చినది.

ప్రతి కథ ఇట్లే ముగుస్తుందని మేము అనటం లేదు. కొందరికి ఆ శస్త్రచికిత్స నిజంగా అవసరం. ఆ తండ్రి కూడ దుర్మార్గుడు కాడు. అప్పు చేసి భార్యకు వైద్యం చేయించదలచిన వాడు. లోపం ఎక్కడ అనగా, బాధ పడేది ఒకరు, దానిని వివరించినది మరొకరు, విన్నది ఇంకొకరు, సంతకం చేసినది వేరొకరు. బెంచీ మీద కూర్చున్న ఆమెను ఎవరూ అడుగలేదు.

ఈ విషయంలో చట్టం స్త్రీ పక్షాన స్పష్టంగా నిలిచి ఉన్నది. పరీక్ష నిమిత్తం మత్తు ఇచ్చిన ఒక స్త్రీకి, ఆమె స్పృహలో లేని సమయాన తల్లి చేత అంగీకారం పొంది గర్భసంచిని, అండాశయాలను తొలగించిన వ్యాజ్యంలో 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ప్రాణాపాయం లేనప్పుడు, వయసు వచ్చిన, స్వస్థచిత్తురాలైన స్త్రీకి బదులు మరొకరు ఇచ్చిన సమ్మతి చెల్లదని, పరీక్షకు ఇచ్చిన సమ్మతి శస్త్రచికిత్సకు ఇచ్చినట్లు కాదని ఆ తీర్పు సారాంశం. చికిత్స స్వభావమేమి, ప్రయోజనమేమి, అపాయమేమి, వేరు మార్గాలేవి, చేయించుకొనకపోతే ఏమగును అన్న విషయాలను రోగికి తెలుపవలెనని కూడ న్యాయస్థానం చెప్పినది. అనవసరంగా గర్భసంచులను తొలగించటాన్ని అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలలలో అమలుకు తేవాలని 2023 ఏప్రిల్ 5న అదే న్యాయస్థానం రాష్ట్రాలను ఆదేశించినది. రోగి కోరిన 72 గంటలలో వైద్య పత్రాల నకళ్ళు ఇవ్వాలన్నది వైద్యమండలి 2002లో చేసిన నియమం. పురుష వైద్యుడు పరీక్షించేటప్పుడు మరొక స్త్రీ దగ్గర ఉండాలని కోరే హక్కును జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం గుర్తించినది. కావున మన స్త్రీలు ఎవరినో బ్రతిమాలవలసిన పని లేదు. ఉన్న హక్కును మర్యాదగా అడిగితే చాలును.

అడుగుటకు భాష కావాలి. ఈ నగరంలో 1846లో స్థాపితమైన వైద్య పాఠశాలలో ఆరంభకాలాన బోధన ఉర్దూలో జరిగినది. పిదప ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్రాన్ని సైతం ఉర్దూలో చెప్పినారు. ఆ వైద్య పాఠశాలలోనే 1880ల దశకంలో చదివి పట్టా పొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరుగా కీర్తి గడించినది. పరదా గల స్త్రీలకు వైద్యం అందించటానికి స్త్రీలే వైద్యం నేర్వాలన్న దూరదృష్టి ఆనాడే ఈ గడ్డపై ఉన్నది. అటువంటి నగరంలో నేడు ఉర్దూ, తెలుగు తప్ప మరొక భాష ఎరుగని తల్లి ముందు ఆంగ్ల పత్రం పెట్టి వేలిముద్ర వేయించుకోవటం ఎంత విపరీతం!

మతాచారం అడ్డు వస్తుందని కొందరు పెద్దలు అనవచ్చును. సవినయంగా మనవి చేస్తున్నాము. ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కాలంలోనే రుఫైదా అనే మహిళ గాయపడిన వారికి గుడారంలో చికిత్స చేసినది. కందకయుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ ముఆజ్‌ను ఆమె గుడారంలోనే ఉంచినట్లు చరిత్రకారులు వ్రాసినారు. షిఫా బిన్త్ అబ్దుల్లా అక్షరం నేర్చి, చికిత్స ఎరిగి, ఇతర స్త్రీలకు నేర్పిన విదుషి. జబ్బుకు వైద్యం చేయించుకొమ్మని ప్రవక్త బోధించినారు గాని ఓర్చుకొని దాచుకొమ్మనలేదు. రోగికి, గర్భిణికి, పాలిచ్చే తల్లికి ఉపవాసంలోనే సడలింపు ఇచ్చిన ధర్మం వారి ప్రాణాన్ని ఎంత విలువైనదిగా ఎంచినదో వేరుగా చెప్పనక్కరలేదు. స్త్రీ వైద్యురాలు లభించని చోట అవసరాన్ని బట్టి పురుష వైద్యునికి చూపుకొనుటను ధర్మశాస్త్ర పండితులు అనుమతించినారు. సిగ్గు ఈమాన్‌లో భాగమే. ప్రాణం పోయే దాక జబ్బును దాచటం సిగ్గు అనిపించుకోదు.

అటుపక్క ఆసుపత్రుల ప్రవర్తనలో కూడ లోపం లేకపోలేదు. బురఖా ధరించిన స్త్రీల పట్ల వైద్యశాలలలోను, పాఠశాలలలోను, బస్సులలోను అమర్యాదగా ప్రవర్తిస్తున్నారన్న ఫిర్యాదులను 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ప్రస్తావించినది. ఒకమారు కసరబడిన స్త్రీ రెండవమారు ఆ గడప తొక్కదు. ఆమెకు తోడుగా చదువుకొన్న ఒక కూతురో, చెల్లెలో, కోడలో పక్కన నిలిచి, "డాక్టరుగారూ, ఆపాకు మరొకమారు చెప్పండి, ఆమెకు అర్థం కాలేదు" అని నిబ్బరంగా అంటే కసిరే నోరు తగ్గుతుందని మా అనుభవం.

ఇక కర్తవ్యమేమి? మన విద్యార్థినులు ఒక్కొక్కరు తమ ఇంటి స్త్రీలకు చదివిపెట్టే కన్నుగా, అడిగిపెట్టే నోరుగా నిలువవలెను. వైద్యుని ముందు అడుగవలసిన ప్రశ్నలు ఐదే. నాకున్న జబ్బు ఏది? ఈ చికిత్స ఎందుకు? దీని వలన కలిగే కీడేమి? వేరొక మార్గమున్నదా? కొంతకాలం ఆగితే ఏమవుతుంది? ఈ ఐదింటిని ఉర్దూలోను తెలుగులోను ఒక కాగితంపై వ్రాసి తల్లి పర్సులో ఉంచండి. ప్రతి చీటీని, ప్రతి రక్తపరీక్ష కాగితాన్ని తేదీల వరుసన ఒక సంచిలో భద్రపరచండి. గర్భం లేని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతగా ఎంచుతారని ఇంటిలో అందరికీ తెలుపండి. ఇంట గర్భిణి ఉన్నచో ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితంగా జరిగే గర్భిణుల పరీక్షకు వెంటబెట్టుకొని పోండి. పెద్ద శస్త్రచికిత్స అన్నప్పుడు, ప్రాణాపాయం లేనిచో, మరొక వైద్యుని అభిప్రాయం తీసుకొనకుండా సంతకం చేయనీయకండి.

విద్యార్థులైన యువకులకు కూడ మా మాట ఒకటి కలదు. అక్కచెల్లెండ్ర జబ్బు ఆడవారి సంగతి అని తప్పుకోవటం మగతనం కాదు. ఆటో పిలువటం, వరుసలో నిలుచుండటం, ఆమె మాట్లాడేటప్పుడు మధ్యలో అందుకొని తాము జవాబు చెప్పకుండా ఉండటం, ఈ మూడు నేర్చుకొంటే చాలును. భోజనవేళ తల్లిని కూడ దస్తర్ఖాన్ వద్ద కూర్చుండబెట్టటం నాల్గవది.

కళాశాల పాలకవర్గం వారికి ఒక విన్నపం. మన కళాశాలలో వక్తృత్వపు పోటీలు, ముషాయిరాలు, క్రీడలు ఘనంగా జరుగుతున్నవి. సంవత్సరానికి ఒకమారు విద్యార్థినీ విద్యార్థులందరికీ రక్తపరీక్ష జరిపించి, ఫలితాన్ని ఎవరిది వారి చేతికే ఇచ్చే ఏర్పాటు చేయాలని కోరుతున్నాము. ఒక వైద్యురాలిని నెలకొకమారు రప్పించి, పిల్లలు నిస్సంకోచంగా మాట్లాడే వేళ కల్పించాలి. ఉర్దూ, తెలుగు శాఖలు రెండూ కలసి సమ్మతి పత్రంలోను, మందు చీటీలోను వచ్చే మాటలకు చిన్న పదకోశాన్ని తయారు చేయగలవు. ఆ భారం వహించటానికి మేము సిద్ధంగా ఉన్నాము. అన్నిటికన్న ముందు, చెప్పటానికి కష్టంగా ఉన్నా చెప్పక తప్పని విషయం మరొకటి ఉన్నది. ఆడపిల్లలు ఉదయం నుంచి సాయంత్రం వరకు మంచినీరు త్రాగకుండా ఉంటున్నారు. కారణం, వారికి ఉన్న మరుగుదొడ్లు చాలవు, ఉన్నవాటిలో నీరు నిలకడగా రాదు. దాహాన్ని అణచుకొని చదివే పిల్లకు మూత్రసంబంధమైన వ్యాధులు రావటం సహజం. ఆరోగ్యంలో అసమానతను గురించి ఎన్ని ఉపన్యాసాలు ఏర్పాటు చేసినా, ఆ నీటికుళాయి బాగుపడనంత వరకు అవి వృథా. ఈ విన్నపాన్ని ఫిర్యాదుగా గాక, ఇంటి పెద్దలకు బిడ్డల తరపున చెప్పుకొన్న మాటగా స్వీకరించగలరని ఆశిస్తున్నాము.

రఫతున్నిసా ఏమి బాధపడినదో, ఎవరితో ఏమి చెప్పుకొన్నదో చరిత్ర వ్రాయలేదు. ఆమె పేరు మాత్రం మిగిలినది. మన ఇండ్లలోని అమ్మీలు, ఆపాలు, ఖాలాలు ఇంకా మన మధ్య ఉన్నారు. వారిని అడిగే అవకాశం మనకున్నది. ఈ సంచికను మూసి ఇంటికి పోయిన విద్యార్థి ఈ రాత్రి తల్లి పక్కన కూర్చుండి, "అమ్మీ, నీకు ఒంట్లో ఎట్లా ఉన్నది?" అని అడుగవలెను. "నాకేమి, బాగానే ఉన్నాను" అని ఆమె తప్పక అంటుంది. అక్కడితో లేచిపోక, రెండవమారు కూడ అడుగవలెనని మా ప్రార్థన.